నోట్స్‌కి ఏ సాఫ్ట్‌వేర్? ఎక్కించే ముందే దించి చూడండి

నోట్స్ యాప్ ఎంపిక మామూలుగా ఇలా జరుగుతుంది. ఎవరో బాగుందంటారు, డౌన్‌లోడ్ చేస్తాం, రంగులు మారుస్తాం, ఫోల్డర్లు కడతాం, రెండు వారాలు ఉత్సాహంగా రాస్తాం. మూడో నెలలో ఇంటి పన్ను రసీదు నంబరు ఎక్కడ రాశామో దొరకదు. మళ్లీ వాట్సాప్‌లో మనకి మనమే మెసేజ్ పెట్టుకోవడం మొదలవుతుంది. ఎంపికంతా రాసే వైపు నుంచే జరిగినందువల్ల వచ్చే ఇబ్బంది ఇది. రాయడం ఏ యాప్‌లోనైనా సులువే. చూసుకోవాల్సింది రాసింది తిరిగి తీసుకునే వైపు. ఏడాది తర్వాత వెతికితే దొరుకుతుందా? యాప్ మూతపడితే రాసిందంతా చెక్కుచెదరకుండా బయటికి వస్తుందా? తెలుగులో రాసేవాళ్లు ఇంకొకటి కూడా అడగాలి: ఆ యాప్ తెలుగుని సరిగ్గా వెతకగలదా, చూపించడం వరకేనా?

ఈ మూడూ ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోతాయి. ఆ పరీక్ష ఎలా చేయాలో చెప్పే ముందు, అసలు మీకు కావలసింది ఏ జాతి సాఫ్ట్‌వేరో తేల్చుకోవాలి.

అవుట్‌లైనరా, నోట్స్ యాపా

అవుట్‌లైనర్‌లో ప్రతి వాక్యమూ ఒక అంశం. దాని కింద పిల్ల అంశాలు, వాటి కింద మరికొన్ని. ఏ కొమ్మనైనా మూయొచ్చు, తెరవొచ్చు, పిల్లలతో సహా ఎత్తి ఇంకోచోట పెట్టొచ్చు. ఈ ఆలోచన పాతదే. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇచ్చిన ప్రదర్శనలోనే జాబితాలను ఇలా మూసి తెరిచి చూపించాడు. డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ 1983లో తెచ్చిన థింక్‌ట్యాంక్ అనే అవుట్‌లైనర్ దాన్ని సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లకి అందించింది.

నోట్స్ యాప్‌లో ప్రాథమిక ముక్క పేజీ. ఒక పేజీకి ఒక పేరు, లోపల రాత, ఫొటోలు, లింకులు. పేజీలు ఫోల్డర్లలోనో ట్యాగుల కిందో ఉంటాయి.

పెళ్లి పనులు చూడండి. ముహూర్తం, కల్యాణ మండపం, భోజనాలు, బట్టలు, శుభలేఖలు. భోజనాల కింద టిఫిన్లు, మధ్యాహ్నం విస్తళ్లు, రాత్రికి రిసెప్షన్. రోజూ అంశాలు అటూ ఇటూ మారతాయి, పూర్తయినవి మూసేస్తాం, పంచేవి పంచేస్తాం. ఇది అవుట్‌లైనర్ పని. అదే పొలం ఈసీ వివరాలు, డాక్టరు చెప్పిన మందుల మోతాదు, ఎల్‌ఐసీ పాలసీ గడువు తేదీ, ఆవకాయ కొలతలు ఒకసారి రాస్తే కదలవు. అవసరమైనప్పుడు దొరకాలి, అంతే. ఇది నోట్స్ యాప్ పని.

మీది ఏదో ఊహించుకుని చెప్పొద్దు. ఫోన్‌లోనూ కాగితాల మీదా వాట్సాప్‌లోనూ మీరు ఈ మధ్య రాసుకున్న 40 అంశాలు ఒకచోటికి తీయండి. ఒక్కొక్కటీ చూసి మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: కదిలేది, వెతుక్కునేది, ఫొటో లేదా స్కాన్. సగానికి పైగా కదిలేవైతే అవుట్‌లైనర్. వెతుక్కునేవైతే నోట్స్ యాప్. ఫొటోలే ఎక్కువైతే అటాచ్‌మెంట్లకి ఎంత చోటు ఇస్తారన్నది ముందు చూడాలి. సగం సగం వస్తే రెండు యాప్‌లు వాడటంలో తప్పేమీ లేదు. అన్నీ ఒకే యాప్‌లో ఉండాలన్న పట్టుదల వల్లే చాలామంది ఏటా యాప్ మారుస్తుంటారు. ఈ 40 అంశాలనీ ఒక ఫైల్లో ఉంచుకోండి, ముందు ముందు పరీక్షకి ఇవే సరుకు.

అవుట్‌లైనర్ అనిపించుకోవాలంటే

చుక్కల జాబితా వేసే ప్రతిదీ అవుట్‌లైనర్ కాదు. గూగుల్ కీప్ చెక్‌లిస్టులో ఒక్క మెట్టు మాత్రమే లోపలికి జరపగలరు. పెళ్లి పనులకి అది చాలదు. నిజమైన అవుట్‌లైనర్‌లో నాలుగు పనులు వేళ్లకి అలవాటయ్యేంత తేలిగ్గా జరగాలి. ట్యాబ్ నొక్కితే అంశం లోపలికి, షిఫ్ట్ ట్యాబ్ నొక్కితే బయటికి రావాలి. కొమ్మ మూసుకోవాలి, మళ్లీ తెరిచినప్పుడు, ఇంకో పరికరంలో తెరిచినప్పుడు కూడా, మూసిన స్థితి గుర్తుండాలి. పిల్లలతో సహా కొమ్మ కదలాలి. నాలుగోది జూమ్: ఒక అంశం నొక్కితే తెర మీద అదీ దాని పిల్లలూ తప్ప ఇంకేమీ కనిపించకూడదు. జాబితా 500 అంశాలు దాటాక జూమ్ లేని అవుట్‌లైనర్‌తో నెగ్గడం కష్టం.

పరీక్ష ఫోన్‌లోనే చేయండి. కంప్యూటర్‌లో అన్నీ బాగానే ఉంటాయి. నాలుగు మెట్ల లోతు జాబితా కట్టి, ఆరు పిల్ల అంశాలున్న కొమ్మని వేలితో లాగి వేరే కొమ్మ కిందకి చేర్చండి. చాలా యాప్‌లు ఇక్కడే తడబడతాయి. లాగుతుంటే పేజీ జారిపోతుంది, లేదా తల్లి కదిలి పిల్లలు అక్కడే ఉండిపోతారు. కీబోర్డు పైన లోపలికీ బయటికీ జరిపే బాణం బటన్లు ఉన్న యాప్‌లో ఈ తిప్పలు తక్కువ.

కొత్త యాప్‌కి ముందు, మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్న వర్డ్‌ని ఒకసారి చూడండి. వ్యూ మెనూలో అవుట్‌లైన్ నొక్కితే ఎన్నో ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని మంచి అవుట్‌లైనర్ బయటపడుతుంది. ఆల్ట్, షిఫ్ట్ పట్టుకుని ఎడమ కుడి బాణాలు నొక్కితే మెట్టు మారుతుంది, పై కింది బాణాలతో వరస మారుతుంది. వ్యాసం, ప్రాజెక్టు రిపోర్టు, ప్రసంగం లాంటి ఒకసారి రాసి ముగించే పనులకి ఇది చాలు. ఫోన్ వర్డ్‌లో ఈ వ్యూ లేదు కాబట్టి రోజువారీ పనుల జాబితాకి పనికిరాదు.

వర్క్‌ఫ్లోవీ అనే అవుట్‌లైనర్ పైన చెప్పిన నాలుగు పనులూ శుభ్రంగా చేస్తుంది. ఉచిత ఖాతాలో నెలకి 250 కొత్త అంశాల పరిమితి ఉంది. మామూలు వాడకానికి సరిపోతుంది గానీ, పెళ్లి పనులు మొదలైతే పది రోజుల్లో అయిపోతుంది. డైనలిస్ట్‌లో ఉచితంగానే ఎన్ని అంశాలైనా రాయొచ్చు. దాన్ని తయారుచేసినవాళ్లే 2020లో అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ తెచ్చి అటు మళ్లారు కాబట్టి ఇందులో కొత్త సౌకర్యాల కోసం ఎదురుచూడకండి; ఉన్నవి చాలనుకుంటే నిక్షేపంలా వాడుకోవచ్చు. ఆమ్నీఅవుట్‌లైనర్ ఆపిల్ పరికరాలకే. లాగ్‌సెక్ అవుట్‌లైనర్, నోట్స్ రెండూ కలిపింది, ఓపెన్ సోర్స్, ఫైళ్లు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఈమాక్స్ అనే ప్రోగ్రామర్ల ఎడిటర్ తెలిసినవాళ్లకి 2003 నుంచీ ఉన్న ఆర్గ్ మోడ్‌ని మించింది లేదు, తెలియనివాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

తెలుగు పరీక్ష

ఇంగ్లిషులో రాసే సమీక్షల్లో ఇది ఎక్కడా కనిపించదు. మనకి మాత్రం మిగతా అన్నిటికన్నా ముఖ్యం. యాప్‌లో ఈ మాటలు టైపు చేయండి: రాష్ట్రం, స్త్రీ, వైశిష్ట్యం, లక్ష్మి. వత్తుల అడుగుభాగం తెగిపోతోందా చూడండి. ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకి సరిపడా వరుసల మధ్య ఖాళీ పెట్టిన యాప్‌లలో వత్తు కింద ఉన్న వత్తు కనిపించదు, లేదా కింది వరుస గుడి మీదకి ఎక్కుతుంది. అబ్సిడియన్‌లో సెట్టింగ్స్‌లోని అప్పియరెన్స్‌లో ఫాంటుని నోటో సాన్స్ తెలుగుకో మండలికో మార్చుకుని, సీఎస్ఎస్ స్నిపెట్‌తో (యాప్ రూపం మార్చే చిన్న కోడ్ ముక్క) వరుస ఎత్తు 1.7 చుట్టుపక్కల పెడితే హాయిగా చదవొచ్చు. ఫాంటూ, వరుసల ఖాళీ మార్చుకోనివ్వని యాప్‌లో తెగిన వత్తులతోనే కాపురం చేయాలి.

వెతుకులాట దగ్గర అసలు కథ ఉంది. తెలుగు మాట వాక్యంలోకి వచ్చేసరికి రూపం మారుతుంది. "పొలం" అని వెతికితే "పొలంలో" దొరుకుతుంది గానీ "పొలానికి", "పొలాల" దొరకవు, ఎందుకంటే వాటిలో సున్నా లేదు. "ఇల్లు" అని వెతికితే "ఇంటి పన్ను", "ఇంట్లో" రావు. కాబట్టి మారని ముక్కతో వెతకడం అలవాటు చేసుకోండి: పొల, కాగిత, రసీ. ఇలా వెతకాలంటే యాప్ మాటలో సగం ఇచ్చినా పట్టుకోవాలి. "కరెంటుబిల్లు" అని కలిపి రాసి, "బిల్లు" అని వెతకండి. దొరికితే ఆ యాప్ మాట మధ్యలో కూడా చూస్తుంది. దొరకకపోతే మాట మొదటి నుంచే పోలుస్తోందని అర్థం. తెలుగుకి అలాంటి యాప్ వద్దు. ఇల్లు లాగా మొదలే మారిపోయే మాటలకి ట్యాగు ఒక్కటే దారి. ఇంటికి సంబంధించిన ప్రతి పేజీలోనూ #ఇల్లు అని ఒకే రూపంలో పెట్టండి. పెట్టాక ట్యాగుల జాబితా తెరిచి చూడండి. కొన్ని యాప్‌లు గుణింతం గుర్తు దగ్గరే ట్యాగు అయిపోయిందనుకుని దాన్ని తెంపేస్తాయి.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. "సాఫ్ట్‌వేర్" అన్నప్పుడు ట కింద వకారం వత్తుగా దిగకుండా ఆపేది మధ్యలో ఉన్న ఒక కనిపించని గుర్తు. చాలా ఫోన్ కీబోర్డులు సూచనల్లో దాన్ని వాటంతటవే పెడతాయి, కంప్యూటర్‌లో మీరు టైపు చేసినప్పుడు అది పడకపోవచ్చు, అప్పుడు "సాఫ్ట్వేర్" అవుతుంది. మనకి రెండూ ఒకే మాట, యాప్‌కి మాత్రం వేర్వేరు. "ఫోన్‌లో రాసింది కంప్యూటర్‌లో దొరకడం లేదు" అన్న గోడుకి చాలాసార్లు మూలం ఇదే. పొల్లు వరకే, అంటే "సాఫ్ట్" అని వెతికితే రెండూ దొరుకుతాయి. ఆఫీస్‌లో, పాస్‌పోర్ట్‌కి, బ్యాంక్‌లో లాంటి మాటలన్నిటికీ ఇదే కిటుకు.

పేజీ పేరే ఫైలు పేరుగా మారే యాప్‌లలో మరో గొయ్యి ఉంది. అబ్సిడియన్, లాగ్‌సెక్ ఈ కోవలోవి. ఆండ్రాయిడ్, లినక్స్‌లలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో అక్షరానికీ గుణింతానికీ పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. లక్ష్మి అన్న ఒక్క మాటే 21 బైట్లు. విండోస్ వేరే లెక్కన కొలుస్తుంది కాబట్టి అక్కడ పొడుగాటి పేరు పెట్టినా ఏమీ అనదు. ఆ ఫైలు మాత్రం ఫోన్‌కి చేరదు, ఎందుకు చేరలేదో స్పష్టంగా చెప్పే యాప్‌లూ తక్కువే. తెలుగు పేజీ పేరు 30 అక్షరాల లోపు ఉంచుకుంటే ఈ బెడద ఉండదు. తేదీ పెట్టాలనుకుంటే ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు రాయండి: 2025-03-14 ఈసీ. అప్పుడు పేర్ల వరసే తేదీల వరస అవుతుంది.

దించి చూడటం

సాఫ్ట్‌వేర్ శాశ్వతం కాదు. 1990లలో ఎందరో ప్రాణంగా వాడిన ఎకో ప్రో అనే అవుట్‌లైనర్ అభివృద్ధి 1997లో ఆగింది. స్ప్రింగ్‌ప్యాడ్ అనే నోట్స్ యాప్ 2014లో మూతపడింది. మూతపడకపోయినా షరతులు మారతాయి: ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాని 50 నోట్స్‌కీ ఒక్క నోట్‌బుక్‌కీ కుదించింది. అందుకే 40 అంశాలు ఎక్కించిన రోజే వాటిని దించి, అంటే యాప్‌లోంచి బయటికి తీసి, చూడాలి. రెండు వేల నోట్స్ పోగయ్యాక లోపం తెలిస్తే చేయగలిగింది తక్కువ.

1. 40 అంశాలూ యాప్‌లో పెట్టండి. అందులో ఒక ఫొటో, ఒక పీడీఎఫ్, ఒక పట్టిక, రెండు పేజీల మధ్య ఒక లింకు, నాలుగు మెట్ల జాబితా ఒకటి తప్పకుండా ఉండాలి.
2. సెట్టింగ్స్‌లో ఎగుమతి చేసి, వచ్చినదాన్ని ఖాళీ ఫోల్డర్‌లో విప్పండి.
3. రాత ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెలుగు తెలుగులాగే ఉందా, మెట్లు నిలబడ్డాయా చూడండి.
4. ఫొటో, పీడీఎఫ్ ఆ ఫోల్డర్‌లో ఉన్నాయా, లేక ఇంటర్నెట్ లింకుగా మాత్రమే మిగిలాయా చూడండి. లింకు మాత్రమే ఉంటే ఖాతా పోయిన రోజు ఫొటో కూడా పోతుంది.
5. అదే ఎగుమతిని ఇంకో యాప్‌లోకి దిగుమతి చేయండి. ఇది మానేయకండి, లోపాలు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి.

ఏది ఎలా వస్తుందో ముందే తెలిస్తే మంచిది. అవుట్‌లైనర్ల మధ్య రవాణాకి ఓపీఎంఎల్ అనే ఫైలు ఉంది, 2000లో డేవ్ వైనరే తెచ్చాడు. వర్క్‌ఫ్లోవీ, డైనలిస్ట్, ఆమ్నీఅవుట్‌లైనర్ దాన్ని ఇస్తాయి, పుచ్చుకుంటాయి, మెట్లు చెడవు. అబ్సిడియన్‌లో ఎగుమతి చేయాల్సిన పనే లేదు. నోట్స్ మొదటి నుంచీ మీ ఫోల్డర్‌లోని మార్క్‌డౌన్ ఫైళ్లే, అంటే ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకునే మామూలు రాత ఫైళ్లు. లాగ్‌సెక్ ఫైళ్లూ మార్క్‌డౌనే గానీ, ఒక అంశాన్ని ఇంకోచోట ఉటంకిస్తే బయట అక్కడ అర్థంకాని పొడుగాటి గుర్తింపు సంఖ్య మాత్రమే కనిపిస్తుంది. ఆ సౌకర్యం మితంగా వాడండి. జాప్లిన్ అనే యాప్ నోట్స్‌ని మార్క్‌డౌన్‌గా, ఫొటోలని పక్క ఫోల్డర్‌గా శుభ్రంగా దించుతుంది. కీప్ నోట్స్ గూగుల్ టేకౌట్ (గూగుల్ నుంచి మన డేటా దించుకునే సేవ) ద్వారా వస్తాయి, ఒక్కో నోట్‌కి ఒక్కో వెబ్ పేజీ లాగా. నోషన్ అనే యాప్ మార్క్‌డౌన్, సీఎస్‌వీ (పట్టికల ఫైలు) ఇస్తుంది; ప్రతి ఫైలు పేరు చివరా 32 అక్షరాల తోక తగిలిస్తుంది. పేజీలో పేజీ, దానిలో పేజీ అని లోతుగా కట్టుకున్నవాళ్లకి విండోస్‌లో జిప్ విప్పితే దారి మరీ పొడుగైందని కొన్ని ఫైళ్లు ఆగిపోతాయి. సీ డ్రైవ్ మొదట్లోనే ఒక్క అక్షరం పేరున్న ఫోల్డర్ చేసి అందులో విప్పండి. సీఎస్‌వీని రెండుసార్లు క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు చిందరవందరగా కనిపించవచ్చు. ఫైలు బాగానే ఉంటుంది. డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది.

మైక్రోసాఫ్ట్ వన్‌నోట్ విషయంలో జాగ్రత్త. పెన్నుతో రాసేవాళ్లకీ, క్లాసులో లెక్కలూ బొమ్మలూ గీసేవాళ్లకీ ఇంత మంచిది ఇంకోటి చెప్పలేం. కానీ బయటికి వచ్చేది ఎక్కువగా పీడీఎఫ్ రూపంలోనే. తెలుగు పీడీఎఫ్ కంటికి బాగున్నా, అందులోంచి రాత కాపీ చేస్తే గుణింతాలు, వత్తులు చెదిరిపోవడం మామూలే. చదువుకోవడానికి పీడీఎఫ్ సరే, బ్యాకప్‌గా దాన్ని నమ్మొద్దు. వన్‌నోట్ సెక్షన్‌కి పాస్‌వర్డ్ పెట్టి మర్చిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

రెండు పరికరాలు, ఒకే నోటు

ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నిన్నటి నోటు తెరుచుకుంటోందా? ఊరెళ్లినప్పుడు, ఆసుపత్రి సెల్లార్‌లో ఉన్నప్పుడు మీకు ఎదురయ్యేది ఇదే. నోషన్ 2025లో ఆఫ్‌లైన్ సౌకర్యం తెచ్చింది, అయితే ఉచిత ఖాతాలో ఏ పేజీలు కావాలో ముందే గుర్తు పెట్టుకోవాలి. ఇప్పుడు అదే నోటులో ఫోన్‌లో ఒక వాక్యం, కంప్యూటర్‌లో మరో వాక్యం రాసి, ఫ్లైట్ మోడ్ తీసేయండి. రెండు వాక్యాలూ నిలిస్తే సంతోషం. జాప్లిన్ అయితే ఘర్షణ పడ్డ ప్రతిని వేరే నోట్‌బుక్‌లో దాచిపెడుతుంది, పరికరాల మధ్య ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ పక్కనే ఇంకో ఫైలు చేస్తుంది. ఏదీ చెప్పకుండా ఒక వాక్యాన్ని మింగేసే యాప్‌ని అక్కడికక్కడే తీసేయండి.

అబ్సిడియన్ ఉచితం, దాని సొంత సింక్‌కి మాత్రం చందా ఉంది. అందరి దగ్గరా ఐఫోన్లూ మ్యాక్‌లే అయితే ఐక్లౌడ్ చాలు. విండోస్, ఆండ్రాయిడ్ కలిస్తే సింక్‌థింగ్ (ఆండ్రాయిడ్‌లో సింక్‌థింగ్-ఫోర్క్) పనిచేస్తుంది, కాకపోతే ఆండ్రాయిడ్ బ్యాటరీ పొదుపు దాన్ని వెనకాల ఆపేస్తుంటుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో దానికి మినహాయింపు ఇవ్వండి. ఒకే ఫోల్డర్‌కి రెండు సింక్‌లు ఎప్పుడూ పెట్టొద్దు, ఒకటి తుడిచింది రెండోది తిరిగి తెస్తుంది.

ఏటీఎం పిన్, పాస్‌వర్డులు ఏ నోట్స్ యాప్‌లోనూ వద్దు. వాటికి బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్లు ఉన్నాయి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ డిజిలాకర్‌లో ఉంచి, నోటులో ఎక్కడుందో మాత్రమే రాయండి. ఆరోగ్య వివరాలు రాసుకునేవాళ్లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మీరు తప్ప యాప్ కంపెనీ కూడా చదవలేని తాళం) ఉన్న జాప్లిన్, స్టాండర్డ్ నోట్స్ లాంటివి చూసుకోవాలి. జాప్లిన్‌లో అది మీరే ఆన్ చేయాలి, దానంతటది ఉండదు.

ఏది తీసుకోమంటారు అని సూటిగా అడిగితే: కంప్యూటర్ పెద్దగా తాకనివాళ్లకి, రాసేది కిరాణా జాబితాలూ చిన్న గుర్తులే అయితే కీప్. పనులు కదిలించుకునేవాళ్లకి వర్క్‌ఫ్లోవీ, పరిమితి అడ్డొస్తే డైనలిస్ట్. ఏళ్ల తరబడి తెలుగులో రాసి దాచుకునేవాళ్లకి అబ్సిడియన్. మొదటి వారం కొంచెం బరువనిపించినా ఫైళ్లు మీ చేతిలో ఉంటాయి. సెట్టింగ్స్ గొడవ వద్దనుకునేవాళ్లకి జాప్లిన్. ప్లగిన్లు, అంటే యాప్‌కి అదనంగా తగిలించే సౌకర్యాలు, మొదటి నెల ఒక్కటి కూడా వేయకండి. చిక్కొచ్చినప్పుడు యాప్‌దో ప్లగిన్‌దో తేలదు.

పాత నోట్స్ అన్నీ ఒకేసారి మోసుకురావద్దు. పాత యాప్‌లోంచి మొత్తం ఎగుమతి చేసి "పాతవి" అన్న ఫోల్డర్‌లో పడేయండి, అవసరమై తెరిచిన నోటుని అప్పుడు కొత్తదాంట్లోకి తెచ్చుకోండి. పాత డీటీపీ ఫైళ్లు అను ఫాంటుల్లో ఉంటే అవి నేరుగా పనికిరావు. లోపల ఉన్నవి ఇంగ్లిషు సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు రూపం ఇస్తుంది, నోట్స్ యాప్‌లో పేస్ట్ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో ఒక పేజీ మార్చి, వత్తులూ అంకెలూ సరిగ్గా వచ్చాయో లేదో మూలంతో పోల్చి, ఆ తర్వాతే మిగతావి మార్చండి. మూల ఫైళ్లు తుడిచేయకండి.